తుప్పు పట్టిన బోల్టు – తగిన నూనె

గ్రామములోని చేతిపంపు ఆగిపోయినపుడు దానిని బాగుచేయుటకు సాధారణముగా కావలసిన వస్తువులు కొద్దిపాటివే. అరిగిపోయిన వాషరు ఒకటి, తెగిన గొలుసు ఒకటి, లేక ఊడిన కడ్డీ ఒకటి. వాటి వెల స్వల్పము. వాటిని మార్చుటకు పట్టు కాలము కూడ స్వల్పమే. అయినను పంపు మూడు నాలుగు దినములు మూలబడియుండుట మనము చూచుచున్నాము. ఏలయన, లోపలి వస్తువును చేరవలెనన్న ముందుగా పంపుతలను విప్పవలెను. పంపుతలను విప్పవలెనన్న దాని బోల్టులు కదలవలెను. ఆ బోల్టులు ఏండ్ల తరబడి వానకు, చెమ్మకు తుప్పుపట్టి, నట్టుతో ఏకమై బిగిసిపోయియుండును. అప్పుడు బలవంతులు నలుగురు చేరి పానాకు గొట్టము తగిలించి లాగుదురు. నట్టు మూలలు అరిగి గుండ్రబడును, లేదా బోల్టు తల తెగిపోవును. ఒక పూటలో ముగియవలసిన పని ఒక వారమునకు పోవును. ఆ వారమంతయు నీరు మోసెడి స్త్రీలు దూరపు బావికి నడువవలసియుండును.

ఈ చిక్కు బలముతో తీరునది కాదు. తగిన నూనెను తగిన సమయమున వేసి, అది పని చేయుటకు కొంత వ్యవధి ఇచ్చినచో చాలవరకు తీరును. ఏ నూనె తగినది, ఏది తగనిది, దానిని ఎట్లు వేయవలెను, త్రాగునీటి పంపు వద్ద ఎట్టి జాగ్రత్తలు కావలెను అను విషయములను పంచాయతీ సభ్యుల ఉపయోగార్థము ఈ పాఠములో వివరించుచున్నాము.

ఇది పంచాయతీకి సంబంధించని చిల్లర విషయమని తలపరాదు. 1992లో పార్లమెంటు ఆమోదింపగా 1993 ఏప్రిల్ 24 నుండి అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగిన 29 అంశములను 11వ షెడ్యూలులో పేర్కొన్నది. అందు 11వ అంశము త్రాగునీరు. 29వది సామాజిక ఆస్తుల నిర్వహణ. చేతిపంపు ఈ రెండింటి క్రిందికిని వచ్చును. నేడు పెక్కు గ్రామములలో ఇంటింటికి కుళాయి వచ్చినను, కరెంటు పోయినపుడును, మోటారు కాలినపుడును ఊరిని ఆదుకొనునది చేతిపంపే. ఎప్పుడో ఒకనాడు మాత్రమే వాడుకలోనికి వచ్చు పంపునకే తుప్పు భయము ఎక్కువ.

తుప్పు ఏల బిగియును?

ఇనుమునకు నీరు, గాలి రెండును తగిలినపుడు తుప్పు పుట్టును. గాలిలోని ప్రాణవాయువు ఇనుముతో కలిసి ఎర్రని పొడివంటి క్రొత్త పదార్థమగును. ఇందు గమనింపవలసిన ముఖ్య విషయము ఒకటి కలదు. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించును. రెండు రెట్లకు తక్కువ కాదు, తేమ పట్టినచో అంతకు మించియు ఉండును. బయటి ఇనుము మీద ఇది పొరలు పొరలుగా పైకి లేచి రాలిపోవును. కాని బోల్టు మరలకును నట్టు మరలకును నడుమ ఉన్న సందు వెంట్రుకవాసి మాత్రమే. అచ్చట పుట్టిన తుప్పునకు ఉబ్బుటకు చోటు లేదు. అది ఆ సందునంతయు నింపి, మేకు కొట్టినట్లు రెండింటిని బిగించివేయును.

సముద్రతీర గ్రామములలో ఈ బాధ మరింత అధికము. గాలిలోని ఉప్పు ఇనుము మీద పేరుకొని తేమను నిలుపును. తుప్పు వడిని పెంచును. పంపుచుట్టును నీరు నిలుచు చోట్లను, పశువుల మూత్రము తగులు చోట్లను కూడ ఇదే గతి.

చేతిపంపు భాగములకు జింకు పూత ఉండును గదా, తుప్పు ఎట్లు వచ్చునని సందేహము కలుగవచ్చును. జింకు తాను ముందుగా హరించుకొనిపోవుచు ఇనుమును కాపాడును. అందుచే ఆ పూత శాశ్వతము కాదు. మరలపైన పానా రాపిడిచేతను, బిగింపు చేతను అది ముందుగా పోవును. పూత పోయిన చోట తుప్పు మొదలగును.

నూనె చేయు పని ఏమి?

నూనె తుప్పును కరిగించునని పెక్కుమంది తలంతురు. అది సరికాదు. తుప్పును కరిగించునవి పుల్లని పదార్థములు. చింతపండు రసము, నిమ్మరసము అట్టివి. కాని అవి జింకు పూతను కూడ తినివేయును గనుక పంపు మీద వాడరాదు. నూనె చేయు పని వేరు. అది తుప్పులోని సన్నని బీటలగుండ మరల మధ్యకు చేరి, అచ్చట రాపిడిని తగ్గించును. పొడితుప్పు రాయివలె పట్టుకొనును. నూనె తడిసిన తుప్పు జారును. ఇంతే భేదము.

కావున మంచి నూనె అనగా ఇరుకైన సందులోనికి దూరగలిగినది, దూరిన పిమ్మట అచ్చట నిలిచి జారుడు కలిగింపగలిగినది. అంగళ్లలో పెనెట్రేటింగ్ ఆయిల్ అని అడిగిన దొరకునది ఇట్టిదే. తెలుగున దీనిని చొచ్చునూనె అని చెప్పుకొందము. దీనికి నాలుగు గుణములు కావలెను.

మొదటిది పలుచదనము. చిక్కని ద్రవము ఇరుకు సందులో కదలదు. ఆముదము కిరోసిన్ కంటె కొన్ని వందల రెట్లు చిక్కన. అందుచే బండి ఇరుసునకు మేలు చేయు ఆముదము బిగిసిన బోల్టునకు పనికిరాదు.

రెండవది పరచుకొను గుణము. నీరు నూనెకంటె పలుచనైనను, జిడ్డుగా ఉన్న ఇనుముపై బొట్టుగా నిలుచును; పరచుకొనదు. దీనికి కారణము నీటి తలతన్యత. అది కిరోసిన్ తలతన్యతకు రెండున్నర రెట్లకు పైగా ఉండును. తలతన్యత తక్కువైన ద్రవము ఇనుమును అంటి ప్రాకుచు పోవును. దీపపు వత్తిలో కిరోసిన్ పైకెక్కుట ఈ గుణము వలననే.

మూడవది నిలుకడ. లోనికి వెళ్లిన ద్రవమంతయు ఆవిరియైపోయినచో పని సగములో ఆగును. కొంత జిడ్డు మిగులవలెను.

నాలుగవది నిరపాయత. అది చేతికి, ఊపిరికి, నిప్పుకు సంబంధించి ప్రమాదము తక్కువైనదై ఉండవలెను. త్రాగునీటి వద్ద ఈ నాలుగవ గుణమే అన్నిటికంటె ముఖ్యము.

మొదటి రెండు గుణములను ఎవరైనను స్వయముగా పరీక్షింపవచ్చును. పాత పటముల అద్దపు పలకలు రెండు తెచ్చి శుభ్రముగా తుడిచి ఒకదానిపై ఒకటి పెట్టవలెను. అంచున ఒకచోట కిరోసిన్ చుక్కను, మరియొకచోట ఆముదపు చుక్కను తాకింపవలెను. కిరోసిన్ చూచుచుండగనే రెండు పలకల నడుమ వ్యాపించును. ఆముదము అంచుననే ఆగి మెల్లమెల్లగా జరుగును. మరల మధ్యను జరుగునదియు ఇదే. పాఠశాలలో పిల్లల ఎదుట దీనిని చేసి చూపినచో వారికిని ఉపయోగము.

మనకు దొరకు నూనెల గుణదోషములు

వంటనూనెలు: వేరుసెనగ, నువ్వుల, కుసుమ నూనెలు చేతికి అందుబాటులో ఉండును గనుక చాలమంది వీటినే పోయుదురు. ఇవి కిరోసిన్ కంటె చాల చిక్కన. అంతకంటె పెద్ద దోషము మరియొకటి కలదు. వీటిలో కొన్ని గాలి తగిలి కాలక్రమమున బంకవలె గట్టిపడును. వంటింటి డబ్బా అంచున పేరుకొను జిగురే ఇందుకు సాక్ష్యము. నేడు వేసిన నూనె వచ్చు సంవత్సరము బోల్టును మరింత గట్టిగా పట్టుకొనును.

గ్రీజు: ఇది బిగిసిన బోల్టును విప్పుటకు పనికిరాదు, లోనికి పోదు. కాని విప్పిన బోల్టును మరల బిగించునపుడు దీనికి మించినది లేదు. ఈ విషయము మరల చెప్పుదుము.

వాడిన ఇంజను నూనె: ట్రాక్టరు నుండి తీసిన నల్లని నూనె ఊరకే దొరకును. అందు అరిగిన లోహపు పొడి, ఇంధనము మండగా పుట్టిన హానికర పదార్థములు చేరియుండును. అది చర్మమునకు మంచిది కాదు. నీటికి అసలే మంచిది కాదు. పైగా చిక్కన గనుక సందులోనికి సులభముగా పోదు. త్రాగునీటి పంపు దరిదాపులకు దీనిని రానీయరాదు.

కిరోసిన్, డీజిలు: ఇవి పలుచన, చక్కగా ప్రాకును. కిరోసిన్ త్వరగా ఆరిపోవును. మిగుల్చు జిడ్డు స్వల్పము. డీజిలు కొంత జిడ్డు మిగుల్చును. పూర్వమువలె ఇంటింట కిరోసిన్ ఉండు దినములు పోయినవి గనుక నేటి గ్రామములలో డీజిలే సులభముగా దొరకును. రెండును మండునవే.

కలిపిన నూనె: మూడు పాళ్లు డీజిలులో గాని కిరోసిన్‌లో గాని ఒక పాలు కుట్టుమిషను నూనె కలిపిన యెడల, పలుచని భాగము దారి చూపును, జిడ్డు భాగము దాని వెంట పోయి అచ్చట నిలుచును. తక్కువ వెలకు గ్రామములోనే తయారగు చొచ్చునూనె ఇది. ఎర్రగా తుప్పు పట్టినను ఇంకను రూపు చెడని బోల్టులకు ఇది చాలును.

అంగడి డబ్బా నూనెలు: ఇనుప సామానుల అంగళ్లలో పిచికారీ డబ్బాలలో ఇవి దొరకును. ఇందు డబ్ల్యు.డి.-40 అను పేరు పెక్కుమంది ఎరిగినది. ఎంతగా ననగా, ఏ డబ్బాను చూచినను ఆ పేరుతోనే అడుగుదురు. 1953లో అమెరికాలోని శాన్ డీగో నగరమున, లోహము నుండి నీటిని తొలగించి తుప్పును నివారించుటకై దానిని తయారుచేసిరి. నీటిని తొలగించు ద్రవము కొరకు చేసిన 40వ ప్రయత్నము ఫలించినందున ఆ పేరు వచ్చినది. అట్లాస్ క్షిపణుల పైరేకును తుప్పునుండి కాపాడుట దాని తొలి ఉపయోగములలో ఒకటి. అది పుట్టినది తుప్పు రాకుండ ఆపుటకే గాని బిగిసిన బోల్టును విప్పుటకు కాదని దీనివలన తెలియుచున్నది. విప్పుటకును అది కొంత సహాయపడును. అయినను ఆ పనికే ప్రత్యేకముగా చేసిన నూనెలు వేరుగ కలవు. కొనునపుడు పేరును గాక డబ్బాపై వ్రాసిన ఉపయోగమును చదివి, పెనెట్రేటింగ్ ఆయిల్ అని ఉన్న దానిని తీసికొనవలెను.

ఎసిటోన్ మిశ్రమము: అమెరికాలో లోహపు పని చేయువారికై వెలువడు పత్రిక ఒకటి 2007లో ఒక పరీక్షాఫలితమును ప్రకటించినది. నూనె వేయని తుప్పు కీలును కదల్చుటకు 516 పౌన్ల బలము పట్టగా, డబ్ల్యు.డి.-40 వేసినదానికి 238 పౌన్లు పట్టినవి. మోటారు వాహనముల ఆటోమేటిక్ గేరు నూనెను, ఎసిటోన్‌ను సమపాళ్లలో కలిపి వేసినదానికి 53 పౌన్లు మాత్రమే పట్టినవి. పరీక్షించిన నమూనాలు కొద్ది గనుక ఈ అంకెలనే ప్రమాణముగా గ్రహింపరాదు. కాని ఏ నూనెయు వేయకుండ లాగుటకును, ఏదో ఒక పలుచని నూనె వేసి లాగుటకును భేదమెంతయో ఇవి తెలుపుచున్నవి. ఎసిటోన్ మిశ్రమమును చేతిపంపునకు మాత్రము మేము సూచింపము. ఎసిటోన్ అతి శీఘ్రముగా అంటుకొనును. రంగును, కొన్ని ప్లాస్టిక్కులను కరిగించును. నూనెతో సరిగా కలిసియుండదు. దానిని అనుభవము గల మెకానిక్కు తన పనిచోట వాడుకొనుటయే మేలు.

పెట్రోలును ఎట్టి పరిస్థితిలోను వాడరాదు. దాని ఆవిరి కంటికి కనబడక దూరము ప్రాకి నిప్పును అందుకొనును.

ఎంపికకు సూత్రము

పై విషయములను బట్టి పంచాయతీకి మేము ఇచ్చు సలహా ఇది. సాధారణపు తుప్పునకు డీజిలు, కుట్టుమిషను నూనెల మిశ్రమము. దానికి లొంగని బోల్టునకు పెనెట్రేటింగ్ ఆయిల్ డబ్బా. ఈ రెండింటికి మించి కొనవలసిన పని లేదు.

ఖర్చు గూర్చి భయపడనక్కరలేదు. ఒక పంపునకు పన్నెండు బోల్టులనుకొందము. ఒక్కొక్కదానికి ఐదు చుక్కల చొప్పున మూడు మారులు వేసినను మొత్తము 180 చుక్కలు. ఇది సుమారు 10 మిల్లీలీటర్లకు మించదు. 100 మిల్లీలీటర్ల సీసా ఊరిలోని పది పంపులకు వచ్చును. నూనె ఎక్కువ పోసినంత మాత్రమున లోనికి ఎక్కువ పోదు. సందులోనికి పట్టునది కొద్దియే. మిగిలినది కారి నేలపాలగును, లేక నీటిపాలగును.

వేయు విధానము

నూనె ఎంత మంచిదైనను విధానము తప్పినచో ఫలింపదు. ఈ క్రమమును పాటింపవలెను.

1. ముందుగా తీగె బ్రష్షుతో బోల్టు కొనను, నట్టు చుట్టును రుద్ది మట్టిని, పొరతుప్పును, పాతరంగును తీసివేయవలెను. ఇవి నూనె పోవు దారిని మూసియుంచును. పని వదలిన చోట పొడిగుడ్డతో తుడువవలెను.

2. నట్టును, బోల్టు తలను సుత్తితో నెమ్మదిగా పలుమారులు తట్టవలెను. ఇది బలమైన దెబ్బ కాదు. కుండను పరీక్షించునట్లు తట్టుట. ఈ అదురునకు తుప్పు బీటలువారి నూనెకు దారులేర్పడును. పోతయినుము భాగములపై గట్టిగా కొట్టినచో అవి పగులును గనుక జాగ్రత్త అవసరము.

3. నట్టును బోల్టును కలియు చోట చుక్కలుగా నూనె వేయవలెను. పిచికారీ డబ్బా అయినచో దానితో వచ్చు సన్నని గొట్టమును తగిలించి కొద్దిగా కొట్టవలెను.

4. ఇప్పుడు పానా పట్టరాదు. విడిచిపెట్టవలెను. సాయంకాలము వేసి, రాత్రి మరియొకమారు వేసి, ఉదయము మూడవమారు వేసి తట్టి, ఆ తరువాత ప్రయత్నించుట ఉత్తమము. తొందరలో ఈ మెట్టును దాటుటయే బోల్టులు తెగుటకు మొదటి కారణము. నిదానమే ప్రధానము.

5. నట్టు కొలతకు సరియైన పానానే వాడవలెను. చేతిపంపులలో సాధారణమైన 12 మిల్లీమీటర్ల బోల్టునకు 19 మిల్లీమీటర్ల పానా కావలెను. మూలలను చుట్టును పట్టుకొను రింగు పానా శ్రేష్ఠము. వదులైన పానా నట్టు మూలలను అరగదీయును. అరిగిన పిమ్మట ఏ నూనెయు ఉపకరింపదు.

6. మొదట విప్పుటకు గాక, కొంచెము బిగించుటకు ప్రయత్నింపవలెను. వెంట్రుకవాసి కదలినను తుప్పు పట్టు తెగును. ఆ తరువాత విప్పు దిశగా కొంచెము, మరల వెనుకకు కొంచెము, ఇట్లు ముందు వెనుకలుగా త్రిప్పుచు మధ్య మధ్య చుక్క నూనె వేయుచు పోవలెను.

7. పానాకు పొడుగాటి గొట్టము తగిలించుట చివరి ఉపాయముగా మాత్రమే ఉండవలెను. పిడి మూడు రెట్లు పొడవైనచో బోల్టుపై పడు మెలి కూడ మూడు రెట్లగును. లాగువానికి తన బలము తెలియును గాని, ఆ బోల్టు ఎంత భరింపగలదో చేతికి తెలియదు. గోటితో పోవుదానికి గొడ్డలి ఎత్తనేల?

అప్పటికిని కదలనిచో

అన్ని బోల్టులు ఒకే తీరువి కావు. పంపుతలను క్రింది నీటిపెట్టెతో కలుపు ఫ్లాంజి బోల్టులు ఆరపార దూరి రెండవ ప్రక్క నట్టుతో బిగియునట్టివి. ఇట్టి బోల్టు రెండు రోజులు నూనె వేసినను లొంగనిచో దానిని హాక్సా బ్లేడుతో కోసివేసి క్రొత్త బోల్టు పెట్టుటయే లాభము. బోల్టు వెల స్వల్పము. ఫ్లాంజి పగిలినచో నష్టము పెద్దది. కోయునపుడు బ్లేడు ఫ్లాంజిని తాకకుండ చూడవలెను.

పంపు శరీరములోనే ఉన్న మరలలోనికి దిగు బోల్టుల సంగతి వేరు. ఇవి తెగినచో కొన లోపలనే నిలిచిపోవును. దానిని తీయుటకు డ్రిల్లు, మెకానిక్కు కావలెను. ఓర్పు చూపవలసినది ముఖ్యముగా ఇట్టి చోట్లనే. అవసరమైనచో మూడు నాలుగు దినములు నూనె వేయుచుండవలెను.

నిప్పుతో కాల్చి నట్టును వదులు చేయుట కొందరికి అలవాటు. చేతిపంపు వద్ద ఇది తగదు. నూనె తడిసిన ఇనుము అంటుకొనును. జింకు పూత గల ఇనుము ఎర్రగా కాలినపుడు వచ్చు పొగ పీల్చిన వారికి జ్వరము వచ్చును. దగ్గరనున్న రబ్బరు భాగములు చెడును. పూత పోయిన చోట తుప్పు ఇంకను వేగముగా పట్టును.

త్రాగునీటి విషయమున జాగ్రత్తలు

ఇంతవరకు చెప్పినది ఏ యంత్రమునకైనను వర్తించును. చేతిపంపు మాత్రము ఊరివారు త్రాగు నీటిపై నిలిచిన యంత్రము. బోల్టు విడుటయే గాక నీరు చెడకుండుటయు పంచాయతీ బాధ్యతయే.

నూనె వేయునది పైకి కనబడు బోల్టులకు మాత్రమే. బోరులోనికి దిగు గొట్టముల కీళ్లకును, కడ్డీల మరలకును ఈ నూనెలలో ఏదియు పూయరాదు. అవి బిగిసినచో శుభ్రమైన తీగె బ్రష్షుతో తుడిచి, సరియైన పైపు పానాలతో విప్పవలెను. ఈ పనిని శిక్షణ పొందిన మెకానిక్కునకే విడువవలెను.

ఫ్లాంజి బోల్టులకు నూనె వేయునపుడు క్రింద గుడ్డపేలిక చుట్టి, కారునది అందులో ఇంకునట్లు చూడవలెను. విప్పుటకు ముందు బయటి నూనెను పూర్తిగా తుడువవలెను. ఆ పేలికలను పంపుగట్టుపై గాని, నీరు పారు కాలువలో గాని పారవేయరాదు. పంపు బిగించిన తరువాత మొదటి నీటిని త్రాగుటకు పట్టక బయటికి కొట్టివేయవలెను. నూనె వాసన గాని, నీటిపై రంగురంగుల తెట్టు గాని కనబడినంతసేపు కొట్టుచునే ఉండవలెను. అవి పూర్తిగా పోయిన పిమ్మటనే బిందెలు నింపవలెను.

పని జరుగుచున్నంతసేపు ఆ చోట బీడీ, చుట్ట, దీపము ఉండరాదు. పిచికారీ డబ్బాను ఎండలో ఉంచరాదు; ఖాళీ అయినను నిప్పులో వేయరాదు. డీజిలును, నూనె మిశ్రమమును నీళ్ల సీసాలలోను, శీతలపానీయపు సీసాలలోను పోసి పెట్టుట ఘోరమైన పొరపాటు. పిల్లలు నీరనుకొని త్రాగుదురు. అట్టి ప్రమాదము జరిగినచో వాంతి చేయింపరాదు; వాంతిలో నూనె ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణాపాయము కలుగును. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

మరల తుప్పు పట్టకుండ

విప్పిన బోల్టును అట్లే తిరిగి బిగించినచో వచ్చు ఏడు ఇదే శ్రమ తప్పదు. మరలను తీగె బ్రష్షుతో శుభ్రపరచి, సన్నగా గ్రీజు పూసి బిగింపవలెను. గ్రీజు మరల సందును నింపి గాలిని, నీటిని రానీయదు. మరలు తినిపోయిన బోల్టును దాచిపెట్టక మార్చివేయవలెను. క్రొత్త బోల్టు అదే కొలతదై, జింకు పూత కలదై ఉండవలెను. లోపలి గొలుసునకు కాలానుగుణముగా గ్రీజు పెట్టునపుడు, అది నీటిలో పడునంతగా గాక పలుచగా పూయవలెను.

సంక్రాంతి వెళ్లిన తరువాత, ఉగాది రాకముందు, వేసవి ఎద్దడి మొదలుకాని దినములలో ప్రతి పంపు పైబోల్టులను ఒకమారు వదులుచేసి, గ్రీజు పూసి, మరల బిగించు నియమము పెట్టుకొనుట మంచిది. వదులగు బోల్టు ఎప్పుడు కావలసినను వదులగును. పంపు ఆగిన నాడు నూనె కొరకు వెదకుట, ఇల్లు కాలునపుడు బావి త్రవ్వుట వంటిది.

పంచాయతీ చేయదగినది

తదుపరి సమావేశమున సభ్యులు ఈ కొద్ది విషయములను తీర్మానించుకొనవచ్చును. పంచాయతీ కార్యాలయమున ఒక చిన్న పెట్టెలో తీగె బ్రష్షు, సుత్తి, 17–19 మిల్లీమీటర్ల పానాలు రెండు, హాక్సా బ్లేడు, గ్రీజు డబ్బా, పేరు వ్రాసిన నూనె సీసా, గుడ్డపేలికలు, 12 మిల్లీమీటర్ల బోల్టులు నట్టులతో కూడ ఒక డజను ఉంచవలెను. రెండు పానాలు చెప్పుటకు కారణము కలదు: ఒకటి బోల్టు తలను కదలకుండ పట్టుటకు, మరియొకటి నట్టును త్రిప్పుటకు. పెట్టెకు బాధ్యుడు ఒకరు ఉండవలెను. ఒక పుస్తకములో ప్రతి పంపునకు ఒక పుట కేటాయించి, బోల్టులు వదులుచేసిన తేదీ, మార్చిన వస్తువు వ్రాయుచుండవలెను. రెండేండ్లలో ఏ పంపునకు తుప్పు ఎక్కువ పట్టుచున్నదో, ఎచ్చట నీరు నిలుచుచున్నదో ఆ పుటలే చెప్పును. అట్టి చోట మురుగు పోవు కాలువను బాగుచేయుట కూడ బోల్టునకు నూనె వేయుట వంటిదే.

ఈ పెట్టెకు పెట్టు ఖర్చు పెద్ద మరమ్మతు ఒకదానికగు ఖర్చుకంటె తక్కువ. పంపు చెడిన దినముననే బాగుపడినచో, ఆ సాయంకాలము బిందె నింపుకొని ఇంటికి పోవు తల్లికి ఈ నూనె చుక్క సంగతి తెలియనక్కరలేదు. తెలియవలసినది పంచాయతీ సభ్యులకు.